కొట్టేసిన పేరా

ఆ కాలేజీలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ప్రిన్సిపాలు దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆవిడ టైపిస్టమ్మే. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, ఆ కంప్యూటర్లూ మూడుసార్లు మారాయి, పిలుపు మాత్రం మారలేదు. ఆఫీసు గదిలో కిటికీ వారగా ఉండే బల్ల ఆవిడది. ముప్ఫై ఆరేళ్లుగా అక్కడే. మార్కుల జాబితాలు, టీసీలు, సస్పెన్షన్ నోటీసులు, ఏ కాగితం వెనక ఎవరి ఏడుపుందో ఆరా తీయకుండా టకటకా కొట్టేసి పక్కన పెట్టేది. అక్షరం తప్పు పోయేది కాదు, ఒకరితో మాట పెట్టుకునేది కాదు. ఇంకో ఏడాదిలో రిటైరవుతుందనగా ఆవిడ నెత్తిన ఒక కొత్త పని పడింది.

కాలేజీ పెట్టి డెబ్బై ఐదేళ్లయింది. ఇలాంటప్పుడు మామూలుగా ప్రిన్సిపాళ్ల ఫొటోలు వరసగా అచ్చేసి ఒక సంచిక తెస్తారు. హిస్టరీ మేడమ్‌కి అది నచ్చలేదు. ఈ కాలేజీలో చదివినవాళ్లు ఏ కాలంలో ఎలా చదివారో వాళ్ల నోటితోనే చెప్పించాలి, ముసలివాళ్ల మాటా కుర్రవాళ్ల మాటా పక్కపక్కన పెట్టి చూడాలి, అదే అసలు చరిత్ర అని ఆవిడ పట్టుబట్టింది. నలభై మందిని మాట్లాడించి రికార్డు చేయించింది. ఆ రికార్డులన్నీ విని ఉన్నదున్నట్టు టైపు చెయ్యాలి. దగ్గు, నత్తి, నవ్వు, ఏదీ వదలకూడదు. ఆఫీసులో మిగతావాళ్లంతా నడుం నొప్పులూ కంటి జబ్బులూ చెప్పుకుని తప్పుకున్నారు. టైపిస్టమ్మకి తప్పుకోవడం చేతకాదు.

రికార్డులు తెచ్చి ఇచ్చేది మూడో సంవత్సరం చదివే ఒక పిల్ల. గాలి వేస్తే ఎగిరిపోయేలా ఉండేది. స్టాఫంతా బక్కపిల్ల అనేవాళ్లు, ఆ పిల్ల కూడా ఆ పిలుపుకే పలికేది. ఒక హెడ్‌ఫోను తెచ్చి టైపిస్టమ్మ చెవులకి సరిచేసి, ఎక్కడ నొక్కితే ఆగుతుందో, ఎక్కడ నొక్కితే వెనక్కి వెళ్తుందో చూపించింది.

మొదట్లో ఆ పని టైపిస్టమ్మకి బాగానే ఉండేది. ఎనభై దాటిన ఒక పోస్టుమాస్టరు చెప్పాడు. వాళ్ల రోజుల్లో నలుగురికి కలిపి ఒక్కటే పాఠ్యపుస్తకం. దాన్ని నాలుగు ముక్కలుగా చింపి వారానికొకరు మార్చుకునేవాళ్లు. ఆయన వాటాకి మొదట చివరి ముక్క వచ్చింది. యుద్ధాలు ఎవరు గెలిచారో ముందు తెలిసిపోయింది, ఎందుకు మొదలుపెట్టారో తెలుసుకోవడానికి నెల పట్టిందట. ఇంకొకావిడ, క్లాసు మొత్తానికి ఆరుగురే ఆడపిల్లలమని, లెక్చరరు వచ్చేదాకా ఒక ఇరుకు గదిలో కూర్చుని, ఆయన వెనకాలే వరసగా వెళ్లి, ఆయన వెనకాలే తిరిగి వచ్చేవాళ్లమని చెప్పింది. మూడేళ్లలో మగపిల్లల్లో ఒక్కడి మొహం కూడా సరిగ్గా చూడలేదట. 

ఈ కాలం పిల్లల రికార్డులు పొట్టివి. ఒక కుర్రాడు, ఏముంది, వచ్చాం వెళ్లాం అన్నాడు. ఆ తర్వాత ఎంత అడిగినా పెగల్లేదు. నాలుగు నిమిషాల రికార్డులో నిమిషంన్నర నిశ్శబ్దమే. నిశ్శబ్దాన్ని ఎలా టైపు చెయ్యాలని టైపిస్టమ్మ హిస్టరీ మేడమ్‌ని అడిగితే, ఎంతసేపో రాయండి చాలు అంది. బక్కపిల్ల కూడా తన సంగతి రికార్డు చేసింది. మొదటి ఏడాది జబ్బుల కాలం, కాలేజీ మూసేశారు, చదువంతా ఫోనులోనే. క్లాసులోవాళ్లంతా తెర మీద గుండ్రటి బొమ్మలు, బొమ్మలో ఒక్కో అక్షరం. రెండో ఏడాది కాలేజీ తెరిచాక ఏ మొహం ఏ అక్షరానిదో పోల్చుకోలేకపోయింది. అప్పటికే ఎవరి జట్టు వాళ్లకి కుదిరిపోయింది. అప్పట్నుంచీ మెట్ల కింద కూర్చుని ఒక్కత్తే భోంచేస్తుంది. ఆ మాట టైపు చేస్తున్నప్పుడు టైపిస్టమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. రెండేళ్లుగా రోజూ ఆ మెట్ల పక్కనుంచే ఆవిడ టీకి వెళ్తోంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం మొదలుపెట్టిన రికార్డు, ఈమధ్యే రిటైరైన ఒక బ్యాంకు మేనేజరమ్మది. గొంతు బరువుగా, దర్జాగా ఉంది. ప్రతి మాటకీ ముందు "అసలూ" అని సాగదీస్తోంది. రెండో నిమిషంలో టైపిస్టమ్మ వెనక్కి తిప్పి మళ్లీ వింది. మూడోసారి కూడా వింది. గొంతు మారింది గానీ ఆ సాగదీత మారలేదు. ఒకప్పుడు ఒకే రేకు పెట్టెలో ఇద్దరి బట్టలూ పెట్టుకున్న మనిషి. హాస్టల్లో పక్క మంచం.

ఆ కాలేజీలో టైపిస్టమ్మ కూడా ఒకప్పుడు చదివిందని అక్కడ ఎవరికీ తెలియదు. ఏడాదిన్నర చదివింది. ఆ తర్వాత నాలుగేళ్లకి పెళ్లై, ఇంటి పేరు మారి, టైపు హయ్యరు పాసై, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఆ ఏడాదిన్నర సంగతి అందులో రాయలేదు. అప్పటికి ప్రిన్సిపాలు మారిపోయాడు, పాత గుమాస్తాలు వెళ్లిపోయారు. ఏ కాలేజీ నుంచి తలొంచుకుని వెళ్లిందో ఆ కాలేజీలోనే తలొంచుకుని టైపు కొట్టడానికి చేరింది. ఊళ్లో ఖాళీ ఉన్న ఉద్యోగం అదొక్కటే మరి.

చెవుల్లో మేనేజరమ్మ మాట్లాడుతోంది. "అసలూ, మా రోజుల్లో చదువంటే భయం ఉండేదండీ. ఇప్పటి పిల్లల్లా కాదు. ఒకసారి పరీక్షలో నా వెనక బెంచీలో ఒకమ్మాయి చీటీతో దొరికిపోయింది. పేరు కూడా గుర్తులేదు, పాపం. ఆకులా వణికిపోయింది. డిబార్ చేసేశారు. ఆ రోజే అనుకున్నాను, జన్మలో అడ్డదారి తొక్కకూడదని. ఒకరకంగా ఆ అమ్మాయే నాకు గురువు."

అని నవ్వింది. 

టైపిస్టమ్మ ఆ పేరా మొత్తం టైపు చేసింది. బ్రాకెట్లలో "నవ్వు" అని కూడా పెట్టింది. ఆ రెండక్షరాలు కొట్టడానికి పట్టినంతసేపు ఆవిడకి ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో ఏ కాగితానికీ పట్టలేదు.

జరిగింది అది కాదు. వెనక బెంచీ కాదు, పక్క బెంచీ. చీటీ మేనేజరమ్మది. పై అధికారులు తనిఖీకి వస్తున్నారని వరండాలో బూట్ల చప్పుడు వినగానే చీటీ ఉండచుట్టి కిందకి వదిలింది. అది దొర్లి స్నేహితురాలి కాళ్ల దగ్గర ఆగింది. స్నేహితురాలు వంగి తీసింది. ఎందుకు తీసిందంటే, ఏమో, కింద ఏదో పడితే తీసే అలవాటు. సరిగ్గా ఆ చెయ్యే పట్టుకున్నారు. ప్రిన్సిపాలు గది బయట నిలబెట్టినప్పుడు మేనేజరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి చేతులు పట్టుకుంది. ఇప్పుడేం మాట్లాడకు, నీకు దండం పెడతాను, ఇవాళ చెప్తే మా నాన్న నన్ను నిలువునా పాతేస్తాడు, సాయంత్రం బస్సుకి ఇంటికెళ్లి, రేపు పొద్దున్నే మా అన్నయ్యని తీసుకొచ్చి నేనే ప్రిన్సిపాలుతో చెప్తాను అంది. సరే కదా అని ఆ పిల్ల నోరు మూసుకుంది. చీటీ నాదే అని రాసున్న కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టింది. రేపు ఎలాగూ తేలిపోతుంది కదా. మర్నాడు మేనేజరమ్మ రాలేదు. ఆ పై రోజూ రాలేదు. మూడేళ్లు డిబార్. నాన్న వచ్చి తీసుకెళ్లిపోయాడు.

రెండు రోజులు టైపిస్టమ్మ ఇంకో రికార్డు ముట్టుకోలేదు. మూడో రోజు హిస్టరీ మేడమ్ గదికి వెళ్లి, చదువు మధ్యలో మానేసినవాళ్ల మాటలు కూడా మీకు పనికొస్తాయా మేడమ్ అని అడిగింది. తప్పకుండా, అలాంటివాళ్లే దొరకడం లేదు, మీకెవరైనా తెలుసా అంది మేడమ్ సంబరంగా. 

"నేనే," అంది టైపిస్టమ్మ.

ఆ సాయంత్రం ఖాళీ క్లాసురూములో బక్కపిల్ల రికార్డరు బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. టైపిస్టమ్మ గోడ వైపు చూస్తూ చెప్పుకుపోయింది. ఎక్కడా ఏడవలేదు. మార్కుల జాబితా చదివినట్టు తేదీలతో సహా చెప్పింది. నలభై రెండు నిమిషాలు. ఆవిడ జీవితంలో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడింది అదే మొదలు. అయిపోయాక బక్కపిల్ల రికార్డరు ఆపింది.

"మీరు అప్పుడే చెప్పెయ్యాల్సింది ఆంటీ."

"ఎవరికి?"

ఆ పిల్ల వైర్లు చుట్టడం మొదలుపెట్టింది. చుట్టి చుట్టి, తలెత్తకుండానే అంది.

"నన్నలా మోసం చెయ్యడానికి కూడా నాకు ఫ్రెండంటూ ఎవరూ లేరు ఆంటీ."

హాస్యానికే అంది గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు. ఆ మర్నాటి నుంచి టైపిస్టమ్మ తన భోజనం డబ్బా మెట్ల కిందకి తీసుకెళ్లేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. ఆ పిల్ల ఫోను చూసుకునేది, ఈవిడ గోడ చూసేది.

మాట్లాడినవాళ్లంతా ఎవరి పేజీలు వాళ్లు చదువుకుని, మార్పులుంటే చేసి, సంతకం పెడితేనే అచ్చుకి వెళ్లాలని హిస్టరీ మేడమ్ నియమం. మేనేజరమ్మ ఒకరోజు పదకొండింటికి వచ్చింది. ఖరీదైన కళ్లజోడు, మోకాలి నొప్పి, మెల్లటి నడక. మేడమ్ క్లాసులో ఉంది. ఆఫీసు గదిలో టైపిస్టమ్మ బల్ల ముందే కూర్చోబెట్టారు. గుర్తుపడుతుందేమోనని టైపిస్టమ్మ మొహం తిప్పుకోకుండా కూర్చుంది. ఆవిడ గుర్తుపట్టలేదు. థాంక్సమ్మా అని కాగితాలు తీసుకుని పెన్ను తెరిచి చదవసాగింది. ఆ పేరా దగ్గరికి వచ్చేసరికి చిన్నగా నవ్వుకుంది.

"ఆ అమ్మాయి మీ వెనక బెంచీ కాదండీ," అంది టైపిస్టమ్మ. "పక్క బెంచీ. నేనే."

మేనేజరమ్మ కళ్లజోడు తీసి చూసింది. మొహంలో రంగు మారిందా అంటే మారలేదు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"నలభై ఏళ్లయింది కదమ్మా. నాకలా గుర్తుంది. మీకు ఇంకోలా గుర్తుందేమో."

"చీటీ మీదండీ."

గదిలో ఇంకో ఇద్దరు గుమాస్తాలున్నారు. ఒకతను తలెత్తి చూసి మళ్లీ దించుకున్నాడు. మేనేజరమ్మ గొంతు తగ్గించింది. వయసు మీద పడ్డాక ఇవన్నీ తవ్వుకోవడం ఎవరికి మంచిదని, తన కోడలు ఈ ఊళ్లోనే లెక్చరరని, ఎవరి మనసూ కష్టపెట్టడం తనకిష్టం లేదని ఏదేదో చెప్పింది. చెబుతూనే ఆ పేరా మీద అడ్డంగా ఒక గీత, దాని మీద ఇంకో గీత, పైనుంచి కిందకి ఒక గీత కొట్టింది. పక్కన చిన్న సంతకం పెట్టింది. బ్యాంకులో కాగితం మీద తప్పు దిద్దితే అలాగే సంతకం పెట్టాలి, అలవాటు.

"తీసేశాను. గొడవ లేదు. సరేనా?"

లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగింది. మోకాలి మీద చెయ్యి వేసుకుని వెనక్కి తిరిగింది.

"మీ నాన్నగారు ఉన్నారా? వరండాలో గొడుగు పట్టుకుని నిలబడ్డారు, పాపం. వానలో."

"పోయారు. పదకొండేళ్లయింది."

మేనేజరమ్మ తలాడించి వెళ్లిపోయింది. ఆవిడ మెట్లు దిగాక గానీ టైపిస్టమ్మకి ఆ మాట తట్టలేదు. పేరు గుర్తులేని మనిషికి ఆ పేరున్న పిల్ల తండ్రీ, ఆయన గొడుగూ, ఆ రోజు కురిసిన వానా గుర్తున్నాయి. అంటే ఆ రోజు కాలేజీకి రాలేదనుకున్న మనిషి వచ్చింది. ఎక్కడో నిలబడి అంతా చూసింది. చూసి, వెళ్లిపోయింది.

ఆ తర్వాత మేడమ్ టైపిస్టమ్మని పిలిచింది. ఆ పిలుపులోని మెత్తదనం వినగానే ఈవిడకి సంగతి అర్థమైంది. టైపిస్టమ్మ చెప్పింది కూడా అచ్చవుతోందని తెలిసి మేనేజరమ్మ ఫోన్ చేసి ఒప్పుకోనని చెప్పిందట. పేరు లేకపోయినా ఎవరో తెలిసిపోతుంది, పరువు నష్టం అంటారు, కాలేజీ కమిటీ భయపడుతోంది అంది మేడమ్. మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను గానీ అచ్చు వేయలేనమ్మా అంది. రికార్డు మాత్రం డిపార్టుమెంటులో భద్రంగా ఉంటుంది, యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా వింటారు అని కూడా అంది. అప్పటికి ఎవరుంటారు మేడమ్ అని టైపిస్టమ్మ అనలేదు. సరేనండీ అంది. ఆవిడ నలభై రెండు నిమిషాల్లోంచి పుస్తకానికి అరపేజీ మిగిలింది. కాలేజీకి మొదటి కంప్యూటరు వచ్చినప్పుడు దానికి గుడ్డ కప్పి, చెప్పులు విప్పి గదిలోకి వెళ్లేవాళ్లమన్న ముక్క. ఆ అరపేజీని కూడా ఆవిడే టైపు చేసింది.

పుస్తకం విడుదల రోజు హాలు నిండింది. పోస్టుమాస్టరు వేదిక మీద తన పుస్తకం ముక్కల కథ చెబితే అందరూ పడీ పడీ నవ్వారు. మేనేజరమ్మ క్రమశిక్షణ గురించి పది నిమిషాలు మాట్లాడింది. టైపిస్టమ్మ వెనక తలుపు దగ్గర పుస్తకాల కట్టలు విప్పుతూ నిలబడింది. బక్కపిల్ల వచ్చి పక్కన నిలబడి, తనూ కట్టలు విప్పింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి టైపిస్టమ్మ ఒక పుస్తకం భర్త చేతిలో పెట్టింది. ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. ఎక్కువ మాట్లాడడు, ఎక్కువ చదవడు. నీదేదీ అని అడిగి, అరపేజీ చదివి, బాగుందన్నాడు. ఆవిడకి ఎక్కడో తెగింది. ఇది కాదు నేను చెప్పింది అని, కాలేజీలో చదివిన దగ్గర్నుంచి అంతా చెప్పుకొచ్చింది. చీటీ, సంతకం, మేనేజరమ్మ, అన్నీ. పెళ్లై ముప్ఫై ఏడేళ్లలో మొదటిసారి.

ఆయన ఆశ్చర్యపోతాడనుకుంది. ఆయన ఆశ్చర్యపోలేదు. 

"మీ నాన్న పెళ్లికి ముందే చెప్పాడు," అన్నాడు మెల్లగా. "పిల్ల తెలియక కాపీ కొట్టి దొరికిపోయింది బాబూ, ఆ ఊసు ఎప్పుడూ ఎత్తకు అన్నాడు. మాటిచ్చాను. అందుకే నేనెప్పుడూ అడగలేదు."

ఆ రోజు బస్సులో, తడిసిన గొడుగు కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్న నాన్నతో, నేను కాదు నాన్నా అని ఆవిడ చెప్పింది. నాన్న సరేలే అన్నాడు. తల నిమిరాడు. ఆ సరేలే అన్న మాట పట్టుకునే ఇన్నేళ్లు బతికింది. లోకం అనుకుంటే అనుకోనీ, నాన్నకి తెలుసు కదా అనుకుంది. నాన్నకి తెలియదు. నాన్న నమ్మలేదు, క్షమించాడు. ఈయనా అంతే. ముప్ఫై ఏడేళ్లు పక్కన పడుకున్న మనిషి, చెయ్యని తప్పుకి రోజూ క్షమిస్తూ వచ్చాడు, ఎంతో మంచితనంగా.

"ఇప్పుడైనా నమ్ముతున్నారా?" అని అడిగింది.

"నువ్వు చెబుతున్నావుగా," అన్నాడాయన. 

అది అవునో కాదో ఆవిడకి తెలియలేదు. మళ్లీ అడగలేదు. 

నాలుగు రోజుల తర్వాత తన రికార్డు ఒకసారి ఇమ్మని హిస్టరీ మేడమ్‌ని అడిగి, బక్కపిల్ల చేత చిన్న పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని తెచ్చుకుంది. ఆదివారం పొద్దున ఆయన ముందుగదిలో కూర్చుని విన్నాడు. ఆవిడ వంటగదిలోనే ఉండిపోయింది. గోడ అవతల్నుంచి తన గొంతే వినబడుతుంటే ఎవరో పరాయి మనిషి మాట్లాడుతున్నట్టుంది. నలభై రెండు నిమిషాలూ అయ్యాయి. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇంజను విప్పి చూసినప్పుడు నిలబడే తీరులో, తల ఒక పక్కకి వంచి.

"ఆ చీటీ మీద రాత ఎవరిదో చూడలేదా వాళ్లు? నీ రాతతో పోల్చి?"

"లేదు."

"ఒక్కళ్లూ?"

"ఒక్కళ్లూ."

"మీ నాన్న?"

ఆవిడ కుళాయి కట్టేసి, తడి చేతులు చీరకి తుడుచుకుంటూ అక్కడే నిలబడింది. ఆయన లోపలికి వచ్చి, కడిగిన గిన్నెలు ఒక్కొక్కటీ తీసి అలమరలో సర్దడం మొదలుపెట్టాడు.